పన్నెండు చీటీల చెంబు

పక్కింటి గోవిందమ్మ చెప్పిందని మల్లేశ్వరి చెప్పింది. గోవిందమ్మకు పాల ఆటోవాడు చెప్పినాడట, వాడికి ఊర్లో ఎవరు చెప్పినారో తెలీదు. సంగతేమంటే, రేపు నీళ్ల వంతులకు చీటీలు తీసే కాడ కాలనీ భీమమ్మ ఊరుకోనంటోందట. చీటీలేసిన చెంబు కదిలిస్తే సరి, లేదంటే అందరికంటే ముందు తానే తీస్తానని బోరింగు కాడ బిందె దించి మరీ చెప్పిందట. ఆరేండ్లుగా తన చేతికి పిప్పి తప్ప రసం తగల్లేదనిందట. చెంబుకు ఎవరో చేతబడి చేసినారని కూడా అనిందట గానీ, ఆ ముక్క గోవిందమ్మ సొంత సరుకని మల్లేశ్వరికి తెలుసు. గోవిందమ్మ ఏ మాటనూ తాలింపు పెట్టకుండా గోడ దాటించదు.

ఆమె మొగుడు గిడ్డయ్య కాళ్లు కడుక్కుంటూ విని నవ్వినాడు. ఆయన ఆదోనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. కాపురం ఎమ్మిగనూరులో. గోనెగండ్ల దారిలో అరగంట పోతే సొంతూరు. ఆడ కాలువ కింద ఆయన పేరు మీద రెండెకరాలుంటే, అన్న మాదన్న తన భూమితో పాటు దాన్నీ చేస్తాడు. విత్తనం ఎప్పుడు పడిందో, కలుపు ఎప్పుడు తీసినారో గిడ్డయ్యకు పట్టదు. జనవరిలో ఒక్క ఆదివారం మాత్రం తప్పకుండా పోతాడు. ఎవరి వంతు చీటీ వాళ్ల చేత్తోనే తీయాలని ఊరి కట్టు.

"నీకేం భయం, నీది లక్ష్మి చెయ్యి," అనింది మల్లేశ్వరి. ఆరేండ్లుగా ఆయన తీసిన చీటీ ఆరు దాటలేదు. ఆ నమ్మకంతోనే కొత్త బియ్యం మూట విప్పినప్పుడల్లా మొదటి దోసెడు ఆయన చేత పోయిస్తుంది. గిడ్డయ్య పోస్తాడు, పోస్తూ చెయ్యికి లక్ష్మి ఏంది, అంతా సంభావ్యత అంటాడు. అంటాడు గానీ, చెయ్యి వెనక్కి తీసుకున్న రోజు లేదు.

తూము కింద రైతులు పన్నెండు మంది. ఒక్కొక్కరికి ఒక పగలు, ఒక రాత్రి నీళ్లు. పన్నెండు దినాలు వదుల్తామని కాగితం మీద ఉంటుంది గానీ, నాలుగు దినాలు తూము మూతి నిండుగా దూకుతుంది, ఏడో దినానికి బొటనవేలంత ధార అవుతుంది, పదో దినానికి ఆడ మిగిలేది కప్పలే. అందుకే మొదటి నాలుగు వంతులు వచ్చినోళ్లు పండించుకున్నోళ్లు, కడపటి మూడూ వచ్చినోళ్లు ఆకాశానికి దండం పెట్టుకున్నోళ్లు.

ఆదివారం పొద్దున గిడ్డయ్య పోయేసరికి తూము గట్టు మీద అందరూ చేరినారు. పెద్దయ్య సిమెంటు దిమ్మె మీద తువ్వాలు పరిచి కూచోనుండాడు. వయసు డెబ్బై దాటినా ఆయన కంఠం ఇంకా మడి అవతలికి వినిపిస్తుంది. వంతుల పుస్తకం ఆయనదే, కంచు చెంబూ ఆయనదే. నోటు పుస్తకంలో ఒక కాగితం చించి, కొడవలి మొనతో పన్నెండు ముక్కలు కోసి, నంబర్లు వేసి, ఒక్కోదాన్ని బీడీ చుట్టినట్టు గట్టిగా చుట్టినాడు. చుట్టి చెంబులో నిలబెట్టి దించుతూ వచ్చినాడు. పన్నెండు ముందు, పదకొండు తర్వాత, అట్ల దిగుకుంటూ దిగుకుంటూ ఒకటి అందరికంటే చివర. ఒకటో నంబరు కింద పడితే ఆ ఏడు కాలువ ఎండుతుందని వాళ్ల నాయన నాటి నమ్మకం. ఒకటి పైనుండాల. చెంబు మూతి సన్నం, రెండు వేళ్లు దూరితే గొప్ప.

తీసే వరుస కూడా ఎప్పటిదో. మొదట పెద్దయ్య, ఆ వెనక పెద్ద రైతులు, నడుమ చిన్న రైతులు. గిడ్డయ్యది నాలుగో చెయ్యి. చివర కాలనీ వాళ్లు ముగ్గురు: యేసేపు, భీమమ్మ, చౌడమ్మ.

పెద్దయ్య చెంబు ముందుకు జరపబోతుంటే భీమమ్మ గట్టు దిగువ నుంచి రెండడుగులు పైకొచ్చింది. సన్నటి మనిషి, యాభై ఐదుంటాయి. కొంగు నడుముకు దోపి, మోచేతుల దాకా ఆరిన మట్టితో ఉంది. పొద్దున్నే చేన్లో నుంచి లేచి వచ్చినట్టుంది.

"చెంబు కదిలిచ్చండప్పా," అనింది. "ఎకరా పాతిక సెంట్లు ఉల్లి పెట్టినాను. గడ్డ నిమ్మకాయంత ఉండాది. ఈ వారంలో ఒక్క తడి పడితే ఊరుతాది. లేకుంటే పోతాది. కదిలిచ్చినంక నాకు పన్నెండు వచ్చినా నోరెత్తను."

అందరూ చెంబు వైపు చూసినారు. పెద్దయ్య చెంబు వైపు చూడలేదు. మీసం దువ్వుకొని గిడ్డయ్య వైపు చూసినాడు.

"మన సారున్నాడు గదా. పట్నంలో పిల్లోళ్లకు ఆయన సెప్పేది ఇదే యవ్వారం. ముందర తీస్తే ఒక తీరు, ఎనక తీస్తే ఇంకో తీరు ఉంటాదేమో ఆయన్నే సెప్పమనండి. ఆయన ఉంటాదంటే నేను ఇప్పుడే చెంబు బోర్లిస్తా."

గిడ్డయ్యకు ఒళ్లంతా తేలికైంది. ఊర్లో ఇన్నేండ్లకు తన చదువు ఒక పనికొచ్చింది. చొక్కా జేబులో సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. తీసి, సిమెంటు దిమ్మె మీద వరుసగా పన్నెండు గీతలు గీసినాడు. మొదట తీసేవాడికి ఒకటో నంబరు రావాలంటే పన్నెండింట్లో ఒక వంతు, అంతేనా? రెండోవాడికి రావాలంటే మొదటివాడికి రాకుండా ఉండాల. అది పన్నెండింట్లో పదకొండు. ఆ తర్వాత మిగిలిన పదకొండు చీటీల్లో ఒకటి. రెండూ గుణిస్తే పదకొండుకు పదకొండు కొట్టుకొని పోయి, మళ్లీ పన్నెండింట్లో ఒకటే. మూడోవాడికీ అంతే. పన్నెండోవాడికీ అంతే. పిల్లలకు చెప్పినట్టే నిదానంగా, అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టు చెప్పినాడు. రైతులు తలలూపినారు. యేసేపు కూడా ఊపినాడు.

"అది సరే సారూ," అనింది భీమమ్మ. "కదిలిస్తే పోయేదేముండాది?"

"కదిలిస్తే వచ్చేదీ లేదు. లోపల ఏ చీటీ యాడుందో నాకు తెలీదు, నీకు తెలీదు. తెలీనప్పుడు అన్నీ సమానమే."

అంతటితో ఊరుకుంటే పోయేది. అందరూ చూస్తున్నారు, నోటికి ఊపొచ్చింది. "ఇదేం పెండ్లి బంతి కాదులే భీమమ్మా, చివరోళ్లకు అడుగు చారు మిగిలేదానికి," అన్నాడు.

గట్టు మీద నవ్వులు లేచినాయి. పెద్దయ్య తొడ చరుచుకొని నవ్వినాడు. కాలనీ ముగ్గురిలో నవ్వినవాళ్లు లేరు. ఆ సంగతి గిడ్డయ్యకు అప్పుడు కనబడలేదు.

చీటీలు తీసినారు. పెద్దయ్యకు ఒకటి. మాదన్నకు నాలుగు. గిడ్డయ్య రెండు వేళ్లు పెట్టి, తగిలినదాన్ని పట్టి లాగితే రెండు. యేసేపుకు తొమ్మిది. భీమమ్మకు అక్షరాలు రావు. తీసిన చీటీని గిడ్డయ్యకే ఇచ్చింది. ఆయన విప్పి "పదకొండు" అని చదివినాడు. చౌడమ్మ తీయకముందే అందరికీ తెలుసు, ఆమెది పన్నెండని.

భీమమ్మ ఆ చీటీని మళ్లీ చుట్టి నడుము కాడ దోపుకుంది. "లెక్క బాగుండాది సారూ," అని గట్టు దిగి పోయింది.

గిడ్డయ్య చేతిరాత ముత్యాలని పెద్దయ్య ఆయన చేతే పుస్తకంలో ఎక్కించినాడు. ఎదురెదురు పుటల్లో ఏడేండ్ల వంతులు నిలువు వరుసలుగా ఉండాయి. ఏడో వరుస ఈ ఏటిది. రాసినంక, అన్నకు కావాల్సి వస్తుందని గిడ్డయ్య ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

సోమవారం సీనియర్ ఇంటర్ పిల్లలకు సంభావ్యత పునశ్చరణ. గిడ్డయ్య తూము కథతో మొదలుపెట్టినాడు. చదువు రాని పల్లెటూరి ఆడమనిషికి సిమెంటు దిమ్మె మీద సిద్ధాంతం రుజువు చేసిన వైనం రసవత్తరంగా చెప్పినాడు. పెండ్లి బంతి మాట కూడా చెప్పినాడు, పిల్లలు కూడా నవ్వినారు. మూడో బెంచీలో శ్రీవల్లి మాత్రం పెన్ను చివర కొరుకుతూ ఉండిపోయింది. ఆదోని పత్తి వ్యాపారి రామసుబ్బయ్య కూతురు ఆ పిల్ల. మార్కులకు ముందుండేది కాదు గానీ, అర్థం కానిదాన్ని మింగే రకం కాదు.

"చీటీలు చెంబులో ఎట్ల వేసినారు సార్?" అని అడిగింది.

"ఎట్ల వేస్తేనేం. పన్నెండు ముందు వేసినారు, ఒకటి చివర వేసినారు," అని చెప్పి, ఏదో రాయి పలుకు పంటి కింద పడ్డట్టు ఒక క్షణం ఆగినాడు గిడ్డయ్య. అంతలో గంట కొట్టినారు. రేపు చేసి చూపిస్తానన్నాడు.

మంగళవారం చేసినారు. చెంబుకు బదులు మూతి సన్నగా ఉన్న స్టీలు నీళ్ల సీసా. పెద్దయ్య చుట్టినట్టే గట్టిగా చుట్టి, పన్నెండు మొదలుకొని ఒకటి దాకా నిలబెట్టి దించినారు. పన్నెండు మంది పిల్లలు వరుసలో నిలబడి తీసినారు. అట్ల పదిసార్లు. చివరి ముగ్గురికి మొదటి నాలుగు నంబర్లలో ఏవైనా ఎన్నిసార్లు వచ్చినాయో గిడ్డయ్య బోర్డు మీద గీతలు పెడుతున్నాడు. ముగ్గురు, పదిసార్లు, అంటే ముప్పై చీటీలు. వాటిలో మూడో వంతు, పదో పన్నెండో, మంచి నంబర్లు కావాల. పదో ఆట అయ్యేసరికి బోర్డు మీద ఒక్క గీత ఉంది.

గిడ్డయ్య సీసా తీసుకొని చీటీలను బల్ల మీద గుమ్మరించి, వేళ్లతో కలిపి, మళ్లీ వేసి, మూతికి అరచెయ్యి పెట్టి బాగా ఊపినాడు. మళ్లీ పదిసార్లు. ఈసారి గీతలు పదకొండు.

"మా నాయన పత్తి కొనేటప్పుడు కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూరుస్తాడు సార్," అనింది శ్రీవల్లి. "పైనుండేది చూసి కొంటే దుకాణం మూసుకోవాల్నంటాడు. పైన తీసింది పైదే గానీ కుప్పది కాదంట."

గిడ్డయ్య బోర్డు వైపు తిరిగినాడు. ఎడమ పక్క మూలన, నిన్న తానే రాసి, తానే కింద గీత గీసిన నిర్వచనం ఇంకా చెరగకుండా ఉంది. అన్ని పర్యవసానాలు సమసంభవాలైనప్పుడు. ఇరవై ఏండ్లుగా ప్రతి ఏడూ రాస్తాడు, పిల్లల చేత రాయిస్తాడు, ఆ ముక్క దాటి లెక్కలోకి ఉరుకుతాడు. సమసంభవాలు కావాల. తనకు తెలీనంత మాత్రాన అవి సమానం కావు. చెంబుకు తన తెలివితో గానీ, తెలివితక్కువతో గానీ పనేముంది? దాంట్లో ఏది పైనుంటే అది చేతికొస్తుంది.

డస్టరు తీసి గీతలు తుడిచినాడు. ఒక్క గీత ఉన్న పక్కను మాత్రం రెండుసార్లు తుడిచినాడు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఫోను తీసి ఆదివారం నాటి ఫోటోను వేళ్లతో పెద్దది చేసినాడు. నిలువు వరుసలు ఏడు. యేసేపు, భీమమ్మ, చౌడమ్మ పేర్లకు ఎదురుగా ఒక్కో అంకె చూసుకుంటూ పోయినాడు. ఎనిమిది, పది, పన్నెండు. తొమ్మిది, పదకొండు, ఏడు. ఏడేండ్లలో ఆ ముగ్గురిలో ఒక్కరికి ఒక్కసారి కూడా నాలుగు లోపల రాలేదు.

పాకెట్ డైరీ తెరిచి లెక్క వేసినాడు. న్యాయంగా కలిపిన చెంబులో కూడా ఒక ఏడు ముగ్గురికీ మంచి నంబరు రాకపోవచ్చు. ఆ అవకాశం యాభై ఐదింట పద్నాలుగు. నాలుగేండ్లకు ఒకసారి అట్ల జరిగితే దాన్ని ఖర్మ అనుకోవచ్చు. ఏడేండ్లు వరుసగా అంటే, ఒక ఏటికి ఇంకో ఏటికి సంబంధం లేదు గాబట్టి, దాన్ని దాంతోనే ఏడుసార్లు గుణించాల. బస్సు గుంతలో పడినప్పుడల్లా పెన్ను జారింది. కడకు వచ్చింది, పద్నాలుగు వేల నాలుగు వందల చిల్లరలో ఒకటి. అన్ని వేల తూములుంటే ఒక్క తూము కాడ జరగాల్సింది. అది తన తూము కాడే జరిగిందని నమ్మాలంటే మనిషికి సిగ్గుండగూడదు.

చూడగూడదనుకుంటూనే తన పేరు ఎదురుగా కూడా చూసినాడు. మూడు, ఐదు, రెండు, నాలుగు, ఆరు, మూడు, రెండు. లక్ష్మి చెయ్యి. డైరీ మూసి, ఆ చేతిని తొడ కింద పెట్టుకొని కూచున్నాడు.

ఇంటికి చేరేసరికి గోడ అవతలి నుంచి ఇంకో కబురు వచ్చి ఉంది. చిప్పగిరి పక్క నుంచి గొర్రెలోళ్లు వచ్చి ఊరి బయట దిగినారట. పదకొండో వంతు దాకా గడ్డ నిలవదని, ఉల్లిచేను గొర్రెలకు విడుస్తానని భీమమ్మ వాళ్లతో మాట్లాడుతోందట. బస్తా జొన్నలిస్తామని వాళ్లన్నారట, ఆమె ఇంకా ఊ అనలేదట. ఇది చెప్పేటప్పుడు మల్లేశ్వరి తాలింపు ముక్క యాడుందని వెతకలేదు.

గిడ్డయ్య అన్నకు ఫోను చేసినాడు. నాలుగు మాటల్లో చెప్పినాడు, చెంబు కలపకుంటే తన లెక్క నిలబడదని, తప్పు చెప్పినానని, చీటీలు మళ్లీ తీయాలని. మాదన్న అంతా విన్నాడు. విని, పదిమందిలో చెప్పిన మాట సారు అనేవాడు వెనక్కి తీసుకుంటే ఇంక సారు అనేదెవరని అడిగినాడు. నీ రెండెకరాల మిరప పూత మీదుందన్నాడు. తనకు నాలుగు, తమ్మునికి రెండు, రెండూ పోతే ఇంట్లో ఆడోళ్లకు ఎవరు చెప్పాలన్నాడు. చివరకు గొంతు తగ్గించి, "రొంత ఓర్సుకో అబ్బీ, వచ్చే ఏడు సూసుకుందాం," అన్నాడు.

బుధవారం పొద్దున గిడ్డయ్య సొంతూరికి పోవాలనే బయల్దేరినాడు. ఎమ్మిగనూరు బస్టాండులో ఆదోని బస్సు, గోనెగండ్ల మీదుగా పోయే బస్సు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. రెండిటి ఇంజన్లూ నడుస్తున్నాయి. టిఫిన్ డబ్బా ఆ చేతిలో నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. ఏమని మొదలుపెట్టాల. కాలనీలో భీమమ్మ వాకిట్లో నిలబడి చెప్పాల్నా, పెద్దయ్య అరుగు మీద కూచోని చెప్పాల్నా. సుద్దముక్కతో గీసింది తుడిచినంత సులువా. అయినా ఈ పొద్దు స్పెషల్ క్లాసుంది. నీళ్లు వదిలేది రేపు గదా, రేపు పోతే సరిపోతుంది. ఆదోని బస్సు కండక్టరు తలుపు చరిచినాడు. గిడ్డయ్య ఎక్కినాడు. పోయేటప్పుడు రెండో బస్సు వైపు చూడకుండా చెప్పుల పట్టీ సర్దుకున్నాడు.

ఆ దినం క్లాసులో శ్రీవల్లి, ఆ ఊర్లో ఆమెకు చెప్పినారా సార్ అని అడిగింది. చెప్తానన్నాడు. చెప్పినానని అనలేదు, అనడానికి నోరు రాలేదు. ఆ మాత్రం నిజమే ఆ పొద్దుకు మిగిలింది.

గురువారం సెలవు పెట్టి మోటారు సైకిలు మీద పోయినాడు. తెల్లవారుజామున నీళ్లు వదిలినట్టున్నారు. ఊరు ఇంకా రాకముందే కాలువ హోరు వినబడింది. కాలువ గట్టు మీద పోతుంటే ఆయన ముక్కుకు మొదట వాసన తగిలింది. నలిగిన ఉల్లాకు వాసన. బండి నిలిపినాడు.

భీమమ్మ చేను రోడ్డు పక్కనే. ఆకు మట్టానికి కొరికేసి ఉంది. నిమ్మకాయంత గడ్డలు, కొన్ని పైకి లేచి, కొన్ని సగం కొరికి, తెల్లగా మట్టి మీద దొర్లుతున్నాయి. గట్టు మీద, పాదుల నడుమ, బోదెల్లో, ఎటు చూసినా చిన్న చిన్న డెక్కల గుర్తులు, నల్లటి పెంటికలు. గొర్రెలు పోయినాయి. దూరంగా తుమ్మచెట్ల కాడ దుమ్ము లేస్తోంది. గిడ్డయ్య ఒక గడ్డ తీసుకున్నాడు. పొర ఇంకా పచ్చిగా ఉంది. దాన్ని యాడ పెట్టాలో తెలీక మళ్లీ అదే గుంతలో పెట్టినాడు. పెట్టి, ఎవరైనా చూసినారేమోనని అటూ ఇటూ చూసినాడు.

వెనక్కి తిరిగి పోవచ్చు. ఇంక చెప్పి లాభమేముందని అనుకోవచ్చు. బండి హ్యాండిల్ పట్టుకొని ఆ మాట కాసేపు అనుకున్నాడు కూడా. తర్వాత తూము వైపే నడిపినాడు.

తూము మూతి నిండుగా దూకుతోంది. మొదటి వంతు పెద్దయ్యది. ఆయన దిమ్మె మీద కూచోని నీళ్లను తన మడి వైపు పోనిస్తున్నాడు. ఆదివారం నాటి సుద్దగీతలు ఆయన పంచె కింద సగం చెరిగి ఉన్నాయి. రేపటి వంతు గిడ్డయ్యది గాబట్టి ఆ మడి కాలువ బాగు చేయించడానికి మాదన్న ముగ్గురు కూలీలను పెట్టినాడు. యేసేపు గడ్డి చెక్కుతున్నాడు. ఆ అవతల మోకాళ్ల దాకా బురదలో, పార పట్టుకొని గిడ్డయ్య మిరప మడికి మడవ కడుతున్న మనిషి భీమమ్మ.

పార నిండా బురద ఎత్తి, గట్టు మీద వేసి, పార వెనక పక్కతో చరుస్తోంది. నీళ్లు కారకుండా సందులో పిడికిలితో మట్టి కుక్కి, పైన గడ్డి పెళ్ల బోర్లించి, కాలితో తొక్కింది. ఆ పని చూస్తే అది ఎవరి మడో ఆమెకు గుర్తున్నట్టు లేదు. తన మడికి కట్టినా అంత బాగానే కట్టేది.

"ఏం అబ్బీ, పనిదినం వచ్చినావు?" అన్నాడు మాదన్న. కండ్లతో మాత్రం వద్దన్నాడు.

గిడ్డయ్య చెప్పులిడిచి గట్టు మీద నిలబడినాడు.

"ఆదివారం నేను చెప్పిన లెక్క తప్పు," అన్నాడు. "చెంబు కలిపితేనే ఆ లెక్క. కలపకుంటే చివరోళ్లకు చివరిదే వస్తాది. భీమమ్మ అడిగిందే న్యాయం. కాలేజీలో పిల్లలతో చేసి చూసినాను. నాకొచ్చిన రెండో వంతు నాది కాదు. రేపటి నీళ్లు భీమమ్మ తీసుకోనీ."

చెప్పేసినంక గుండె తేలికవుతుందనుకున్నాడు. కాలేదు. యేసేపు గడ్డి చెక్కేది ఆపినాడు. మాదన్న తువ్వాలు దులిపి భుజం మార్చుకొని, నీళ్ల వైపు చూస్తూ నిలబడినాడు.

భీమమ్మ పార మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది. "నీళ్లు నేనేం సేసుకోను సారూ? నిన్న మజ్జానం గొర్రెలు దిగినాయి," అనింది. కోపంగా అనలేదు. బస్సు పోయిందని చెప్పినట్టు అనింది.

నిన్న మజ్జానం. గిడ్డయ్య ఆ పొద్దు ఆదోనిలో టిఫిన్ డబ్బా విప్పుకొని చిత్రాన్నం తింటున్నాడు.

పెద్దయ్య దిమ్మె మీద నుంచి కదల్లేదు. పిల్లవాడు మొదటిసారి తప్పటడుగు వేస్తే పెద్దోళ్లు నవ్వుతారే, అట్ల నవ్వినాడు. "దీనికేనా సారూ సెలవు పెట్టి వచ్చింది? ఆ చెంబు సంగతి తెలీనోళ్లు ఈ తూము కింద ఎవరుండారు? మీ నాయనకు తెలుసు. మీ అన్నకు తెలుసు. ఏటేటా ఈళ్లు అడగడం, మేం దబాయించడం, గొంతులు పోయేవి. నువ్వు సదువుకున్నోనివి, గీతలు గీసి సెప్పినావు. ఎవురూ మారు మాట్లాడలేదు. ఈ ఏడు గొడవ లేకుండా జరిగిందంటే నీ పుణ్యమే."

గిడ్డయ్య అన్న వైపు చూసినాడు. మాదన్న వంగి, నీళ్లలో కొట్టుకొస్తున్న కంపను తీసి గట్టు మీద వేసినాడు. వేసి, చెయ్యికి ముల్లు గుచ్చుకున్నట్టు చూసుకుంటూ నిలబడినాడు.

అంటే ఆదివారం ఈ గట్టు మీద ఆ చెంబును గురించి తెలీనివాడు ఒక్కడే. సుద్దముక్క జేబులో పెట్టుకొని తిరిగేవాడు. ఆ నవ్వు మళ్లీ చెవుల్లో వినబడింది, పెండ్లి బంతి మాటకు లేచిన నవ్వు. ఆ పొద్దు వాళ్లు నవ్వింది భీమమ్మను చూసి అనుకున్నాడు. కాలనీ వాళ్లను బంతిలో ఎప్పుడు కూచోబెడతారో గిడ్డయ్యకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ తెలిసిన సంగతినే తమాషాకు వాడుకున్నాడు. తెలీనిది చెంబు ఒక్కటే.

బురద అంచుకు రెండడుగులు దిగినాడు. ప్యాంటు తడిసింది.

"నాకు తెలీదు భీమమ్మా," అన్నాడు. "నిజంగా నాకు తెలీదు."

భీమమ్మ చేతి వెనక పక్కతో నుదుటి మీది బురద తుడుచుకుంది. మడవలో ఒక పక్క నీళ్లు చెమ్మగిల్లుతున్నాయి. వంగి అక్కడొక పిడికెడు మట్టి కుక్కి, అదిమి, కారదని చూసుకున్నంక తలెత్తి ఆయన్ని సూటిగా చూసింది.

"తెలీనప్పుడు ఏల సెప్పితివి సారూ?"